నూట నలభై మూడో గుంట

మాడ్రిడ్ నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ
"మీ నేల బొమ్మ గీయండి" అంది.
హోటళ్ళ వైపు పిల్లలంతా
నీలం పెన్సిల్ కోసం కొట్టుకున్నారు.
నేను నల్లది తీసుకుని
కాగితం నిండేదాకా, ముల్లు విరిగేదాకా రుద్దాను.
"ఏంటిది ఇదైరా, అర్ధరాత్రా?"
"కాదు. మిట్టమధ్యాహ్నం. మా చేను."

మా చేను పైకి కనపడదు.
లాంజరోటెలో మేం ద్రాక్షని
గుంటల్లో దాచుకుంటాం.
గుంటకో తీగ. తీగకో రాతిగోడ,
అదీ సగం చందమామంత,
గాలొచ్చే వైపు మాత్రమే.
మా ఇంట్లో అందరి వీపులూ
ఆ గోడల్లాగే వంగి ఉంటాయి.

మొత్తం నూట నలభై మూడు.
ఆఖరిది నాది.
జనవరిలో పన్నెండు నిండాయని
తాత ఎలోయ్ నాకు కేకు బదులు పార ఇచ్చాడు.
తవ్వాను. బూడిద జారి నిండింది.
మళ్ళీ తవ్వాను. మళ్ళీ నిండింది.
మధ్యలో ఏడ్చాను కూడా, అది ఎవరికీ చెప్పలేదు.
నాలుగో రోజు
నా తల నేలకి కిందుగా దిగాక
పార చప్పుడు మారింది.
గరగర పోయి, మెత్తగా.
గోధుమరంగు మట్టి, తడితడిగా,
దుప్పటి లాగితే
ఎవరో ముడుచుకున్నట్టు.

అందుకే
బస్సు దిగిన ఆ పెద్దమనిషి
చారెడు నల్లరాళ్ళు తీసి
నీళ్ళసీసాలో పోసుకుంటుంటే
గోడ దూకాను.
"తిరిగి పొయ్యండి."
"ఇన్ని ఉన్నాయిగా పాపా!"
"మీ నెత్తిమీదా ఇన్ని వెంట్రుకలున్నాయి,
ఒకటి పీకనా?"
తీరా చూస్తే ఆయనకి అట్టే లేవు.
బస్సంతా నవ్వింది.
ఆయన చెవులు ఎర్రబడ్డాయి, సీసా ఒంచాడు.
చివరి పలుకు రాలేదాకా
నడుం మీద చెయ్యి తియ్యలేదు నేను.

తాత చూశాడు.
శభాష్ అంటాడని వెళ్ళి పక్కన నిలబడ్డాను.
టోపీ తీసి దులిపాడు, చాలాసేపు.
"బూడిద మనదే అనుకో," అన్నాడు,
"అడుగున మట్టి మాత్రం మనది కాదు.
ఆరేళ్ళు కొండ మండిపోతుంటే
ఓడెక్కి పోయినవాళ్ళెవరో ఉన్నారు.
గోధుమలేసుకునేవాళ్ళట.
మనం తరవాత వచ్చినవాళ్ళం,
వాళ్ళ కప్పు మీంచి కన్నం వేసుకుని."
"పేరేంటి వాళ్ళది?"
"మా తాతకీ తెలీదు."

ఆ రాత్రి గోఫియో ముద్ద ముట్టలేదు.
అమ్మ తిట్టింది.
నేను వెళ్ళి నా గుంటలో కూచున్నాను.
పైన గాలి ఈలలేస్తోంది,
లోపల తీగ ఆకు కూడా కదల్లేదు.
బూడిద మంచు తాగుతుంటే చప్పుడు రాదు,
కూచున్న చోట లంగా మాత్రం తడుస్తుంది.
పాదం అడుగున ఆ మట్టి.
ఎవరో ఒకావిడ, అనుకున్నాను,
నాలాగే నోరున్నదే అయ్యుంటుంది.
కొండని తిట్టిందా?
ఓడ మీద చెప్పులు దులుపుకుందా,
దులపకుండా అలాగే తొడుక్కు తిరిగిందా?

నవంబరు చినుకులకి
గుప్పెడు గోధుమలు తెచ్చి
నా తీగ మొదట్లో పోశాను.
మొలవవన్నాడు తాత.
ఐదు మొలిచాయి.
తీగ నీళ్ళన్నీ అవే తాగేస్తున్నాయని
రోజూ తిడుతున్నాడు, పీకడం లేదు.

నా బొమ్మ నాకు తిరిగిచ్చేశారు.
ఐదు పోచలు వేద్దామంటే
నలుపు మీద ఆకుపచ్చ పట్టలేదు.
గోరుతో గీరాను.
కింద కాగితం ఇంకా ఉంది.

అయినా సరే,
నూట నలభై మూడోది నాదే.
ఆవిడ తిరిగొస్తే
అప్పుడు కూచుని మాట్లాడుకుంటాం.